తడిసిన చెక్క – తరముల సొత్తు
(మన సంఘ వారపు సమావేశమునందు చేయబడిన ఉపన్యాస పాఠము)



నేటి సమావేశమునకు నేనెన్నుకొన్న విషయమును విని కొందరు మిత్రులు చిరునవ్వు నవ్విరి. "నాయక రాజుల చరిత్రను గూర్చియు, మన పిల్లల తెలుగు చదువును గూర్చియు పెద్దలు ప్రసంగించిన ఈ వేదికపై మంచములను, బల్లలను, పీటలను గూర్చి చెప్పుటయా?" అని ఒకరు ప్రశ్నించిరి. నేను మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, నాయన అంగడిలో కూర్చున్నవాడను. మేకులు, మరమేకులు, బందులు, రంగులు, వార్నిషులు అమ్ముట నా వృత్తి. నాకు తెలిసినదానిని గూర్చియే మాట్లాడుట మర్యాద. అయినను ఈ మంచములకును బల్లలకును, మన చరిత్రకును, మన పిల్లల చదువునకును గల సంబంధము ఎట్టిదో ఉపన్యాసము ముగియునప్పటికి మీకే విశదము కాగలదు.

2024వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీ శుక్రవారమును మదురవాసులలో ఎవ్వరును మరువజాలరు. ఒక్క పగటిపూటనే సుమారు 10 సెంటీమీటర్ల వాన కురిసెను. సెల్లూరు చెరువు నిండెను. పందల్‌గుడి కాలువ పొంగెను. వైగైకి ఉత్తరపు ఒడ్డునగల వీధులు కాలువలైనవి. దీపావళి పండుగ ఆ నెల 31వ తేదీ. నడుమ నున్నవి ఆరే దినములు. క్రొత్తబట్టలు కొన్న యిండ్లలో బురద చేరెను. కోయంబత్తూరునుండి వచ్చిన మన బంధువులకును ఈ కష్టము క్రొత్తది కాదు. నొయ్యల్ నదినుండి ఉక్కడము పెద్దచెరువు, వాలాంకుళము, సింగానల్లూరు చెరువు మొదలుగాగల చెరువుల వరుసలోనికి పూర్వము నీరు క్రమముగా ప్రవహించుచుండెను. నడుమ ఊరు పెరిగినది గాని నీటిదారి పెరుగలేదు.

ఇట్టి విపత్తు మన ఊళ్ళకే పరిమితము కాదు. 2023 డిసెంబరు 17, 18 తేదీలలో తామ్రపర్ణి తీరమంతయు మునిగినప్పుడు, కాయల్‌పట్టణమునందు ఒక్క దినములో 95 సెంటీమీటర్ల వర్షము నమోదైనది. 2024 సెప్టెంబరు మొదటి తేదీన విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతమును ముంచినది. నీరు తీసిన పిమ్మట ఈ ఊళ్ళన్నిటను కనబడిన దృశ్యము ఒక్కటియే. ఇంటిముందు వీధిలో తడిసిన పరుపులు, ఉబ్బిన అలమారలు, తలుపులూడిన బీరువాలు. వాని ప్రక్కన ఏమి చేయవలయునో తోచక నిలిచియున్న ఇల్లాలు. నా ఉపన్యాసము ఆ ఇల్లాలికొరకు.

నేను చేసిన తప్పు

ముందుగా నా తప్పిదమును ఒప్పుకొందును. మా యింటిలో నాలుగు తరములనాటి టేకు భోషాణము ఒకటి గలదు. మా అవ్వ కాపురమునకు వచ్చుచు తెచ్చినదని చెప్పుదురు. ఆ వానకు నీరు దాని మూత అంచువరకు వచ్చి, రెండు దినములు నిలిచి, తీసిపోయెను. పండుగ ముంచుకొని వచ్చుచున్నది. మరునాడు ఎండ కాసినది. నేనును మా చిన్నాయన కుమారుడును ఆ మూతను ఊడదీసి, డాబాపైకి మోసి, తడిసిన లోపలివైపు పైకి వచ్చునట్లు మండుటెండలో పరచితిమి. సాయంకాలమునకు ఎండిపోవునని మా సంబరము. సాయంకాలమునకు అది దొన్నె వలె వంగెను. మూడవ దినమున తుపాకి పేలినట్లు శబ్దమై, మూత నిలువునా బీటలు వారెను.

ఎనుబది సంవత్సరముల పైబడిన సామానును నీరు చంపలేదు. నా తొందర చంపబోయెను. ఇంటికి వచ్చిన వృద్ధుడైన వడ్రంగి, మనవారందరు పెద్ద ఆచారి యని పిలుచు నాతడు, దానిని చూచి, "అయ్యా, తడిసినది చెక్క, మీరు ఆరబెట్టినది అప్పడము" అనెను. ఆ మాట నాకు బెత్తపు దెబ్బ వలె తగిలెను. అటుపిమ్మట ఆయనవద్ద కూర్చుండి నేర్చుకొన్నదియు, పుస్తకములలో చదివినదియు కలిపి మీకు మనవి చేయుచున్నాను.

చెక్క ఏల వంగును?

చెక్క చచ్చిన పిమ్మటను నీటితో సంబంధము విడువదు. మన ఊళ్ళ గాలిలో బాగుగా ఎండిన చెక్కలో, దాని పొడి బరువుపై నూటికి 10 మొదలు 12 పాళ్ళవరకు తేమ ఉండుట సహజము. నీటిలో నానినప్పుడు ఈ తేమ పెరిగి, నూటికి సుమారు 30 పాళ్ళు చేరువరకు చెక్క ఉబ్బుచుండును. ఆ పైన ఎంత నీరు చేరినను బరువు పెరుగునే గాని పరిమాణము పెరుగదు. ఎండునప్పుడు ఇదియే క్రమము తలక్రిందులగును.

ఈ ఉబ్బుట అన్ని దిక్కులకును సమానము కాదు. పచ్చి టేకు పూర్తిగా ఎండువరకు, మ్రాను చుట్టుకొలత దిశగా నూటికి సుమారు 6 పాళ్ళును, నడిబొడ్డునుండి బెరడువైపునకు రెండున్నర పాళ్ళును కుదించుకొనును. నార పొడవునను మార్పు లెక్కింపదగినంత ఉండదు. కావుననే పలక పొడవున మారక, అడ్డముగా మారును; ఒకవైపు ఎక్కువగాను, మరియొకవైపు తక్కువగాను మారుటచేత వంకర పోవును. రెండడుగుల వెడల్పుగల మూత నీటిలో పూర్తిగా నాని ఎండునప్పటికి అర అంగుళమునకు మించి కదలగలదు.

ఇప్పుడు నా భోషాణము మూత గతి మీకు బోధపడును. ఎండకు పైపొర వేగముగా ఎండి కుదించుకొనదలచెను. లోపలిపొర ఇంకను ఉబ్బియున్నది. పైగా మూతకు అడ్డముగా రెండు పట్టీలు మేకులతో బిగింపబడియున్నవి. కుదించుకొనుటకు చోటు లేక పలక తన్ను తాను చీల్చుకొనెను. మనుష్యునిపట్లను ఇదియే న్యాయము: కదలుటకు చోటీయక బిగించినవాడే తెగగొట్టినవాడగును.

మొదటి రెండు దినములు

నీరు తీసిన ఇంటిలో ప్రవేశించుటకు ముందు విద్యుత్తు ప్రధాన మీటను ఆర్పవలయును. వాననీటితో మురుగునీరు కలిసియుండును. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన వచ్చు జ్వరము ప్రాణాంతకము కావచ్చును. కావున చేతికి రబ్బరు తొడుగులు, కాళ్ళకు బూట్లు లేనిదే సామాను ముట్టరాదు. కాలికి గాయమున్నవారు అసలు దిగరాదు.

తరువాత కడుగుట. బురద ఎండక మునుపే మంచినీటితో, మెత్తని కుంచెతో, నార పొడవునకు కడుగవలయును. ఎండిన బురద చెక్క సందులలో సిమెంటు వలె పట్టుకొనును. దానిని గీకినచో మెరుగుతోబాటు చెక్కయు పోవును. సబ్బు స్వల్పముగా వాడవచ్చును. బ్లీచింగుపొడిని నేలకును గోడకును వాడుడు. మంచి చెక్కపై కుమ్మరింపకుడు. అది రంగును చెరచును, ఇత్తడి బందులను తినివేయును.

కడిగిన సామానును నేలపై నిలుపరాదు. నాలుగు ఇటుకలపై ఎత్తి, గోడకు జానెడు ఎడముగా నుంచి, నాలుగుప్రక్కలను క్రిందను గాలి ఆడునట్లు చేయవలయును. ఎండ తగులరాదు. కిటికీలు తెరచి, పంకా తిరుగనీయవలయును. కాని పంకాగాలి సూటిగా ఒకే పలకపై కొట్టరాదు. వెచ్చని నీడలో, తడిసిన చోట ఒకటి రెండు దినములకే బూజు పుట్టుటకు ఆరంభించును. గాలియే దానికి ప్రథమ ఔషధము. బూజు కనబడినచో ముక్కునకు గుడ్డ కట్టుకొని, స్పిరిటు తడిపిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయుడు. పొడిచీపురుతో దులిపినచో ఆ బూజు గింజలు ఇల్లంతయు వ్యాపించును. స్పిరిటు వాడుచోట దీపముగాని, పొయ్యిగాని ఉండరాదు.

సొరుగులు ఉబ్బి బిగిసియున్నచో బలముగా లాగరాదు. పిడి చేతికి వచ్చును గాని సొరుగు రాదు. బల్ల వెనుకటి పలకను మెల్లగా ఊడదీసినయెడల లోపలికి గాలి చేరును. వెనుకనుండి మృదువుగా నెట్టవచ్చును. అప్పటికిని రానిచో విడువుడు. కొన్ని వారములకు అదియే వచ్చును.

త్రాసు చెప్పిన మాట

"చెక్క ఎండెనని తెలియుటెట్లు?" అని మీరడుగుదురు. చేతితో తాకి చెప్పుట మోసము. పైపొర ఎండి చేతికి పొడిగా తగులును, లోపల తేమ యుండును. తేమను కొలుచు చిన్న యంత్రములు ఈనాడు దొరకును, ఉన్నవారు వాడుకొనవచ్చును. వర్తకుడనగుటచేత నాకు తోచిన యుపాయము త్రాసు.

మా అంగడి లెక్కలబల్ల సొరుగునొకదానిని కడిగిన దినమున తూచితిని: 6 కిలోల 400 గ్రాములు. దానిని గోడమీద వ్రాసి, ప్రతి శుక్రవారము తూచుచుంటిని. మొదటి వారమునకు 5 కిలోల 700. రెండవ వారమునకు 5 కిలోల 350. మూడవ వారమునకు 5 కిలోల 150. నాలుగవ వారమునకు 5 కిలోల 50. అయిదవ వారమునకు సరిగా 5 కిలోలు. ఆరవ వారమునను 5 కిలోలే. బరువు తగ్గుట నిలిచినదనగా, చెక్క ఇంటిగాలితో సంధి కుదుర్చుకొన్నదని అర్థము. అప్పుడే ఉలి పట్టవలయును, అప్పుడే మెరుగు పెట్టవలయును. ఒక సొరుగులో పోయిన నీరు ఒక కిలో నాలుగువందల గ్రాములని చూచినప్పుడు, ఒక్క ఎండపూటలో దానిని లాగివేయ తలచిన నా అవివేకము నాకు స్పష్టమైనది. మందపు దూలము, మంచపు కోడు మొదలైనవి సన్నని సొరుగుకంటె ఎక్కువ కాలము తీసుకొనును. అక్టోబరు మొదలు డిసెంబరువరకు మనకు ఈశాన్య ఋతుపవన కాలము. గాలియే తడిగా నుండును. కావున మూడు నెలల ఓర్పునకు సిద్ధపడవలయును.

ఈ ఓర్పునకు ప్రపంచమున ఒక గొప్ప నిదర్శనము గలదు. 1966 నవంబరు 4వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున ఆర్నో నది పొంగి, చెక్కపలకలపై వ్రాసిన ప్రాచీన చిత్రములనేకములు మునిగెను. అచ్చటి నిపుణులు వానిని ఎండలో పెట్టలేదు. ఒక పెద్ద తోటలోని నిమ్మచెట్ల కొట్టమును మూసి, లోపలి గాలిని మొదట మిక్కిలి తేమగానే యుంచి, ఆ తేమను నెలల తరబడి కొంచెము కొంచెముగా తగ్గించుచు వచ్చిరి. వసారి యను చిత్రకారుడు 1546లో అయిదు పలకలపై చిత్రించిన 'కడపటి విందు' అను పటము పండ్రెండు గంటలకు పైగా నీటిలో నుండెను. అది బాగుపడి తిరిగి తన చోట నిలుచుటకు 2016వ సంవత్సరము వచ్చెను. ఏబది సంవత్సరములు! మన అలమారకు ఏబది దినములు ఇయ్యలేమా?

జిగురు, మేకు, మెరుగు

పాత సామాను బాగుపడుటకు ఒక కారణమున్నది. మన పూర్వులనాటి వడ్రంగులు కుసిని బెజ్జములో దిగగొట్టి, చెక్కచీలతో బిగించిరి. జిగురు వాడినచోట, పశువుల చర్మము, ఎముకలు ఉడికించి తీసిన వజ్రమను బంకను వాడిరి. ఆ బంక నీటికి కరగును. ఇది లోపమని మీరనవచ్చును, నిజమునకిది గుణము. కీళ్ళు విడిపోయినప్పుడు చెక్క విరుగదు. పాత బంకను వేడినీటితో కడిగి, ఎండబెట్టి, క్రొత్తబంకతో తిరిగి అతుకవచ్చును. 1959లో మన దేశమున ఫెవికాల్ వచ్చిన పిమ్మట తెల్ల జిగురు వాడుక వ్యాపించెను. అది బలమైనదియు, పనికి సుకరమైనదియు. అమ్ముకొనువాడను, దానిని నిందింపను. కాని సాధారణపు తెల్ల జిగురు నీటిలో నానినచో పట్టు సడలును. దాని అవశేషమును పూర్తిగా గీకి తీయనిదే క్రొత్త జిగురు పట్టదు. పాత సామానుకు ఏ జిగురు పూర్వము వాడిరో ఆచారిని అడిగి, అదియే వాడుట మేలు.

టేకు చెక్కలో ఇనుపమేకు చుట్టును నల్లని మరక కనబడును. అది బూజు కాదు. చెక్కలోని వగరు పదార్థము తడిసిన ఇనుముతో కలియుటవలన పుట్టినది. పూర్వము కరక్కాయతో ఇనుము కలిపి నల్లసిరా చేయుట మీరెరుగుదురు, ఇదియు అట్టిదే. తుప్పుపట్టిన మేకులను తీసివేసి ఇత్తడి మరమేకులు వేయుడు. ఆగ్జాలిక్ ఆమ్లముతో మరక పోవును గాని అది విషము. పిల్లలున్న ఇంటిలో ఆచారిచేతనే చేయించుట యుక్తము.

లక్క పాలిషుపై తెల్లని పొగవంటి మచ్చలు వచ్చినచో భయపడకుడు. పైపొరలో తేమ చిక్కుకొన్నదే గాని చెక్క చెడలేదు. చెక్క పూర్తిగా ఎండిన తరువాత, స్పిరిటు ఇంచుక తగిలించిన మెత్తని గుడ్డను తేలికగా ఒక్కమారు పోనిచ్చినచో పలుమార్లు ఆ తెలుపు పోవును. తడిమీద వార్నిషు పూయుట మాత్రము మహాపరాధము. పండుగకు మెరయవలయునని పూయుదురు. లోని నీటికి దారి మూసినవారగుదురు. నూటికి 20 పాళ్ళకు మించి తేమ చిరకాలము నిలిచిన చెక్కను శిలీంధ్రము తినును. తేమ వాసనకు చెదలును చేరును. టేకు, ఇరుగుడు మొదలైనవాని చేవ చాలకాలము ఎదిరించును. చేవలేని పైచెక్కయు, మామిడిచెక్కయు ఎదిరింపజాలవు.

ఏది ఉంచవలయును, ఏది విడువవలయును?

అన్నిటిని కాపాడుట సాధ్యము కాదు. మురుగునీట నానిన దూది పరుపును, దిండును నిర్దయగా విడువుడు. రంపపుపొట్టు, చెక్కముక్కలు జిగురుతో అదిమి చేసిన పలకల అలమార ఒకసారి ఉబ్బినచో తిరిగి యథాస్థితికి రాదు; దానికై ధనము వ్యయపరుపకుడు. ప్లైవుడ్డు సంగతి దాని జిగురుపై ఆధారపడియుండును: ఐ.యస్. 710 ముద్రగలది నీటిని చక్కగా తాళును. తక్కువరకము పొరలు విప్పుకొనును. పేము కుర్చీని కడిగి నీడన ఆరబెట్టిన చాలును. నులక విప్పి మంచమును ఆరబెట్టి, క్రొత్తనులక వేయుడు. గుంటమగ్గమున్న నేతవారు మొదట గుంటలోని నీటిని తోడి, మగ్గపు చట్రమును విప్పి, ఏ కొయ్య ఏ కొయ్యలోనిదో సుద్దతో గుర్తు వేసి ఆరబెట్టుకొనవలయును. అన్నము పెట్టు చెక్కకు అన్నిటికంటె మొదటి స్థానము.

తంజావూరు బొమ్మపటములు ఇంట నున్నవారు ఒక్క మాట వినుడు. అవి పలకమీద గుడ్డ అతికి, సుద్దపూత పూసి, బంగారురేకు అద్దినవి. వానిని తుడువకుడు, ముఖము పైకి నుంచి బల్లపరుపుగా పరచి, నీడన నుంచి, తెలిసినవారికి చూపుడు. తడిసిన పుస్తకములను, పత్రములను ఒకదానినుండి ఒకటి పీకకుడు. నడుమ నడుమ మసిలేని తెల్లకాగితము పెట్టి మార్చుచుండుడు. రెండు దినములలో ఆరబెట్టలేనిచో సంచిలో చుట్టి శీతలపేటికలో గడ్డకట్టించినయెడల, తీరికగా బాగుచేయుటకు గడువు దొరకును.

ఇక వర్తకుడనై యుండియు ఒక వర్తకపు దోషమును చెప్పక తప్పదు. వరద తీసిన వారములోపలనే పాతసామాను కొనువారు వీధులలో తిరిగిరి. మా వీధి చివర ఒంటరిగా నున్న అక్క ఒకరు, నల్లబడి కీళ్ళు సడలిన టేకు అలమారను, పందిరిమంచమును, "ఇది ఇక పనికిరాదమ్మా" అను మాట నమ్మి, వచ్చినంతకు ఇచ్చివేసిరి. ఆ ధనముతో కొన్న పొట్టుపలకల అలమార మరుసటి వానకాలపు గోడచెమ్మకే అడుగు ఉబ్బెను. ఆమె అలమారకు కావలసియుండినది రెండు నెలల నీడ, నాలుగు ఇత్తడి బందులు, ఒక ఆచారికి మూడు దినముల కూలి. ఆమెకు ఆ మాట చెప్పుటకు ఆ దినమున మనలో ఒక్కడును వెళ్ళలేదు. నేను కూడ వెళ్ళలేదు. నా మూత ఎండబెట్టుకొనుచుంటిని.

కోయంబత్తూరు బంధువులకొక మనవి. మీ ఊరిలో గాస్ మ్యూజియము 1902నుండి గలదు. పిల్లలను తీసికొనిపోయి అచ్చటి చెక్కలను చూపుడు. ఆనమల కొండలపైనుండి దుంగలను జార్చినందున టాప్‌స్లిప్ అను పేరు వచ్చిన చోటు మీకు సమీపముననే యున్నది. మన తాతల మంచములలోని టేకు ఎట్టి అడవులనుండి వచ్చెనో తెలిసినవారు దానిని తూకమునకు అమ్మరు.

మూత లోపలి వ్రాత

చివరకు నా భోషాణము సంగతి చెప్పి ముగింతును. ఆ మూత లోపలివైపున మా ముత్తాత నల్లసిరాతో, తెలుగు అక్షరములలో, ఇంట పుట్టిన బిడ్డల పేర్లు, సంవత్సరము, తిథి, నక్షత్రము వ్రాసియుంచెను. ఆయన తరువాత మా తాతయు వ్రాసెను. పదునొకండు పేర్లు. అందులో నాలుగు పేర్లవారు పసితనముననే పోయిరట. వారి పేర్లు మరియెచ్చటను లేవు, ఏ కచేరీలోను లేవు. నేను తెచ్చిన బీట సరిగా ఆ వరుసల నడుమనుండి పోయెను.

మూత బాగుచేయుటకు మొదట వచ్చిన పడుచు పనివాడు ఉప్పుకాగితము చేతబట్టి, లోపలివైపు రుద్ద నారంభింపబోయెను. "ఏవో పాత గీతలున్నవి, శుభ్రము చేసెదను" అని తమిళమున పలికెను. వాని తప్పు లేదు. నా కుమారుడు ప్రక్కనే నిలిచియుండి, వలదనలేదు. వానికిని అవి గీతలే! ఇంట తెలుగు మాటలాడును, తెలుగు చదువనేరడు. ఆ క్షణమున నేను అంగడినుండి రాకపోయినచో, నాలుగు తరములు నీటినుండియు, చెదలనుండియు, నా మూర్ఖత్వమునుండియు తప్పించుకొన్న ఆ పేర్లు అరగంటలో పొడియై నేల రాలియుండును.

తరువాత పెద్ద ఆచారి ఆ పని చేపట్టెను. ముందు వ్రాతకు ఛాయాచిత్రము తీయించెను. మూతను రెండు నెలలు నీడన నుంచెను. వంపు చాలవరకు అదియే సర్దుకొనెను. అడ్డపట్టీల మేకులు తీసి, బీటలో అదే జాతి టేకు చీలికను కూర్చి వజ్రముతో అతికెను. పట్టీలను తిరిగి బిగించునప్పుడు మరమేకులు పట్టు రంధ్రములను గుండ్రముగా గాక కోలగా తొలిచెను. పలక ఇకమీద ఋతువుననుసరించి కదలుటకు చోటు దొరకెను. అక్షరములపై ఉలి గాని, కాగితము గాని, మెరుగు గాని తాకనీయలేదు. ఆయనకు తెలుగు రాదు. అయినను, "వ్రాసినవారు పెద్దలు, చెరిపివేయుటకు మనమెవరము?" అనెను.

చీలిక అతికినచోట మూడు అక్షరములు పోయినవి. ఛాయాచిత్రము చూచి మా నాయన అక్క ఆ పేరు చెప్పినది. ఆమెకు ఎనుబది యేడు సంవత్సరములు. ఆమె తరువాత చెప్పువారు లేరు. ఆ సాయంకాలమున నా కుమారుడు ఆమె ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్క అక్షరమును వ్రేలితో చూపుచు పదునొకండు పేర్లు చదివెను. అయిదు వారములు పట్టెను, సొరుగు ఎండినంత కాలము. ఇప్పుడు తన పేరును, తన చెల్లెలి పేరును క్రింద తానే వ్రాసెను. వంకర అక్షరములు, అయినను తెలుగు అక్షరములు.

కావున పెద్దలారా, నేను సంఘము ముందుంచునవి మూడు మనవులు. మొదటిది: నమ్మదగిన వడ్రంగుల పట్టిక యొకటి ప్రతి పేటకును సిద్ధము చేసి, వానకాలమునకు ముందు ఈ పత్రికలో ప్రకటింపవలయును. రెండవది: నాలుగు పెద్ద పంకాలు, ఒక తూకపు త్రాసు, రెండువందల ఇటుకలు సంఘపు కొట్టులో నుంచి, నీరు చేరిన యిండ్లకు అద్దె లేక ఇయ్యవలయును, ఇటుకలు, త్రాసు నేనిచ్చెదను. అట్టి యింటికి మొదటి మూడు దినములలో మనలో ఇద్దరు పోయి, "ఏమియు అమ్మకుడు, ఎండలో పెట్టకుడు" అని చెప్పవలయును. మూడవది: ఈ ఆదివారముననే మీ యింటికి పోయి, పాతపెట్టె మూత లోపల, అలమార తలుపు వెనుక, బీరువా అడుగున, మీ పెద్దలేమైన వ్రాసియుండిరేమో దీపము పెట్టి చూడుడు. ఉన్నచో మీ పిల్లలచేత చదివింపుడు. చదువలేనిచో, మంగళవారపు తెలుగు తరగతికి పంపుడు.

తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు శిథిలమగుచుండగా, మదరాసు గవర్నరు నేపియరు ప్రభువు 1866 మొదలు 1872 వరకుగల తన కాలమున బాగుచేయించినందున, నేడు మనము దానిని చూచుచున్నాము. మహలును బాగుచేయుట దొరలకు తగిన పని. మన భోషాణమును బాగుచేయుట మనకు తగిన పని. దానికి కావలసినవి నీడ, గాలి, ఓర్పు. లోపలి వ్రాతను చదువగల ఒక బిడ్డ.